బసిలిస్స: కొత్త నిబంధనలో రాణి అన్న మాట మీద పాఠకుల ప్రశ్నలు

కొత్త నిబంధనలో 'రాణి' అని తెలుగులోకి వచ్చిన గ్రీకు మాట గురించి బెంగళూరు తెలుగు సంఘాల నుంచి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. జవాబుల్లో ఎత్తిరాసిన తెలుగు వచనాలు సంఘాల్లో ఎక్కువగా చదివే బైబిల్ సొసైటీ పాత అనువాదంలోవి. గ్రీకు, హీబ్రూ మాటలను తెలుగు లిపిలోనే ఇచ్చాం.

ప్రశ్న: రాణికి గ్రీకులో ఏ మాట వాడారు? ఎన్నిచోట్ల ఉంది? ఎలా పలకాలి?
(సండే స్కూల్ టీచర్, కృష్ణరాజపురం)

జవాబు: మాట 'బసిలిస్స'. కొత్త నిబంధన మొత్తంలో నాలుగే చోట్ల ఉంది: మత్తయి 12:42, లూకా 11:31, అపొస్తలుల కార్యములు 8:27, ప్రకటన 18:7. మొదటి రెండూ యేసు పలికిన ఒకే మాటను ఇద్దరు సువార్తికులు రాసినవి. కాబట్టి ఎవరెవరిని రాణి అన్నారని లెక్కవేస్తే మూడే తేలతాయి: సొలొమోనును చూడవచ్చిన దక్షిణదేశపు రాణి, ఐతియొపీయుల కందాకే, మహా బబులోను. మూడోది మనిషి కాదు, నగరం.

పలికేటప్పుడు రెండో అక్షరం 'సి' మీద ఊనిక పడాలి, దాన్ని దీర్ఘం చేయనక్కర్లేదు. వేదాంత కళాశాలల్లో నేర్పే ఉచ్చారణ 'బసిలిస్స'. ఇప్పటి గ్రీకులు మాత్రం మొదటి అక్షరాన్ని 'వ'గా పలుకుతారు, రెండు 'స'లను ఒకటిగానే వినిపిస్తారు, అంటే సుమారుగా 'వసీలిసా'. రష్యాలో ఆడపిల్లలకు పెట్టే వసిలిస అన్న పేరు ఇక్కడి నుంచి వెళ్ళిందే. యూట్యూబులో రెండు రకాలూ వినబడతాయి కనుక ఒకటి తప్పనుకోకండి.

'బసిలెయుస్' అంటే రాజు. దానికి స్త్రీ ప్రత్యయం '-ఇస్స' చేరితే రాణి. మన భాషలో స్నేహితుడు, స్నేహితురాలు అన్నట్టే. అదే ప్రత్యయం మార్కు 7:26లో కూతురి కోసం వేడుకున్న సురోఫెనికయ స్త్రీని చెప్పే మాట చివర కూడా ఉంది: 'సురొఫొయినికిస్స'. లాటిన్ మీదుగా, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి ప్రిన్సెస్ లాంటి మాటల తోకగా నిలిచింది కూడా ఇదే.

మాట చివర మారడం చూసి కంగారు పడకండి. నాలుగు చోట్లలో మూడింట 'బసిలిస్స' అని కర్త రూపంలో ఉంది. అపొస్తలుల కార్యములలో మాత్రం 'రాణియొక్క' అన్న అర్థంలో 'బసిలిస్సేస్' అయింది. ఐగుప్తును ఏలిన టోలెమీ వంశపు రాణుల నాణేల మీద కనిపించే రూపం కూడా ఈ రెండోదే. క్లియోపాత్రా నాణెం మీద 'బసిలిస్సేస్ క్లెయోపత్రస్', అంటే 'క్లియోపాత్రా రాణిది' అని ఉంటుంది. బైబిలు కోసం ప్రత్యేకంగా పుట్టిన పవిత్ర పదం కాదన్నమాట. సంతలో చేతులు మారిన నాణెం మీది మాటే.

ప్రశ్న: 'బసిస్' అంటే పునాది, 'లవొస్' అంటే ప్రజలు, కాబట్టి రాజు, రాణి అంటే 'ప్రజలకు పునాది' అని ఒక ప్రసంగంలో విన్నాం. నిజమేనా?
(పాఠకుడు, హొరమావు)

జవాబు: కాదు. వినడానికి బాగుంటుంది, అందుకే ప్రసంగాల్లో పాతుకుపోయింది. బైబిలు మూలపదాలకు అంకెలు వేసి అర్థాలిచ్చిన స్ట్రాంగ్ నిఘంటువులో 'బసిలెయుస్' దగ్గర 'బహుశా బసిస్ నుంచి, అధికారానికి పునాది అన్న భావంతో' అని ఒక ఊహ రాసి ఉంది. ఆ 'బహుశా' వదిలేసి మిగతాది పట్టుకోవడంతో ఈ పొరపాటు వ్యాపించింది.

స్ట్రాంగ్ తన పనిని 1890లో అచ్చువేశాడు. మైసీనే కాలపు, అంటే చాలా పాత గ్రీకు మట్టిపలకల మీది లీనియర్ బి లిపిని 1952లో చదవగలిగాక ఈ మాట వయసు తెలిసింది. ఆ పలకల్లో ఇది 'క-సి-రె-ఉ' లాంటి రూపంలో, మొదట్లో 'క్వ' లేదా 'గ్వ' ధ్వనితో ఉంది. అది 'బసిస్' నుంచి వచ్చిందని చూపే ఆధారం లేదు. పైగా ఆ రోజుల్లో ఆ మాటకు రాజు అన్న అర్థం కూడా లేదు. ఊరి పెద్దో, కంచరి పనివాళ్ళ మీద మేస్త్రీయో అయినవాణ్ని అలా పిలిచేవారు. అసలు రాజును 'వనక్స్' అనేవారు. వనక్స్‌ల కోటలు కూలిపోయాక ఊరి పెద్దే మిగిలాడు, అతని బిరుదే రాజుకు పేరైంది. మాట మూలం గ్రీకుకు ముందటి భాషలోది కావచ్చని భాషావేత్తలు భావిస్తున్నారు.

ఒక మాట పుట్టుక నుంచి వాక్యం అర్థాన్ని పిండటం ఎప్పుడూ ప్రమాదమే. మత్తయి సువార్త విన్న మొదటి శ్రోతకు 'బసిలిస్స' అనగానే పునాది తట్టదు, రాణి తడుతుంది. రాణి ఎలాంటిది, మంచిదా, గర్విష్ఠా, పక్క రాజు ఉన్నాడా అన్నవి ఆ మాట చెప్పదు. చుట్టూ ఉన్న వాక్యమే చెబుతుంది.

ప్రశ్న: బైబిల్ యాప్‌లో వెతికితే 'బసిలెయ' అన్న మాటకు రాణి అనీ, రాజ్యం అనీ రెండు అర్థాలు చూపిస్తోంది. అయితే 'నీ రాజ్యము వచ్చుగాక' అన్నచోట రాణి అని చదవవచ్చా?
(విద్యార్థి, ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: చదవకూడదు. అక్షరాలు ఒకటే అయినా ఊనిక వేరు. 'లె' మీద ఊనిక పడి చివర దీర్ఘమైతే రాజ్యం, పాలన. 'సి' మీద ఊనిక పడి చివర హ్రస్వమైతే ఏథెన్సు పాత గ్రీకులో రాణి. కొత్త నిబంధనలో ఈ మాట 160కి పైగా సార్లు వస్తుంది, ఒక్కచోట కూడా రాణి కాదు. ప్రభువు ప్రార్థనలో ఉన్నది రాజ్యమే.

పాత చేతిరాత ప్రతుల్లో ఊనిక గుర్తులు ఉండేవి కావు. కాబట్టి రాణికి కూడా అదే మాట వాడితే చదివేవాడు తికమకపడే వీలుండేది. అలెగ్జాండర్ తర్వాతి శతాబ్దాల్లో 'బసిలిస్స' వాడుకలో గెలిచింది, ఆ చిక్కు తీరింది. ఏథెన్సు యాసే శుద్ధమని పట్టుబట్టిన వైయాకరణులు దీన్ని మొరటు మాటన్నారు. కొత్త నిబంధన రచయితలు వాళ్ళను పట్టించుకోలేదు, జనం మాట్లాడే గ్రీకే రాశారు.

ప్రశ్న: మత్తయి 12:42లో ఉన్నది షేబ రాణి అయితే యేసు ఆమె పేరు గానీ ఊరు గానీ ఎందుకు చెప్పలేదు? ఆమె, కందాకే ఒకే వంశమని కూడా అంటారు.
(గృహిణి, మారతహళ్ళి)

జవాబు: పేరు హీబ్రూ పాఠంలోనే లేదు. 1 రాజులు 10, 2 దినవృత్తాంతములు 9 అధ్యాయాల్లో 'షేబ దేశపు రాణి' అనే ఉంది. మకేద అన్న పేరు ఇథియోపియా సంప్రదాయంలోది, బిల్కీస్ అరబ్బు సంప్రదాయంలోది, రెండూ చాలా తర్వాతివి. పిల్లలకు చెప్పేటప్పుడు అవి బైబిలులో ఉన్నాయన్నట్టు చెప్పవద్దు.

షేబ అంటే అరేబియా దక్షిణ కొస, ఇప్పటి యెమెన్. మారిబ్ దాని రాజధాని. సాంబ్రాణి, సుగంధద్రవ్యాలు ఒంటెల మీద ఎక్కి ఉత్తరానికి పోయే దారి అక్కడ మొదలయ్యేది. ఆమె సొలొమోనుకు 120 తలాంతుల బంగారం, లెక్కలేనన్ని సుగంధద్రవ్యాలు ఇచ్చిందని రాసి ఉండటం ఆ వర్తకానికి సరిగ్గా సరిపోతుంది. యెరూషలేము నుంచి చూస్తే అది దక్షిణం. గ్రీకులో 'బసిలిస్స నొతూ', అంటే దక్షిణపు రాణి. 'నొతొస్' అంటే దక్షిణ దిక్కు, దక్షిణపు గాలి కూడా.

యేసు ఊరు చెప్పకుండా దిక్కు చెప్పడంలో బలం ఉంది. 'భూమ్యంతములనుండి వచ్చెను' అని వెంటనే దూరం చెబుతాడు. వింటున్నవాళ్ళు అంత దూరం రానక్కర్లేదు, వాళ్ళ ఎదుటే నిలబడి మాట్లాడుతున్నాడు. సూచక క్రియ చూపించమని అడిగిన శాస్త్రులకు, పరిసయ్యులకు ఇది జవాబు. ఆమె కూడా సొలొమోనును పరీక్షించడానికే వచ్చింది, చిక్కుప్రశ్నలతో వచ్చింది. కానీ విన్నది, ఒప్పుకుంది, కానుకలిచ్చి వెళ్ళింది. అడగడం తప్పు కాలేదు, విన్నాక మొండికేయడం తప్పయింది. ఈ వాక్యం మీద పాఠం చెప్పేవాళ్ళు 1 రాజులు 10:1 నుంచి 9 దాకా ముందు చదివించకపోతే పిల్లలకు సగమే అందుతుంది.

రెండు సువార్తలను పక్కపక్కన పెడితే తేడాలు కనిపిస్తాయి. మత్తయిలో నీనెవె వాళ్ళు ముందు, రాణి తర్వాత. లూకాలో రాణి ముందు, నీనెవె తర్వాత. మత్తయి గ్రీకులో రాణి 'ఈ తరముతో' లేస్తుంది. లూకా 'ఈ తరపు మగవాళ్ళతో' అంటాడు, మగవాళ్ళకే వాడే 'అనేర్' అన్న మాటను అక్కడ పెట్టాడు. ఒక పరదేశి స్త్రీ న్యాయస్థానంలో లేచి ఇశ్రాయేలు పురుషుల మీద నేరం మోపుతుందన్న మాట. స్త్రీ సాక్ష్యానికి విలువ తక్కువగా కట్టిన సమాజంలో ఇది చిన్న మాట కాదు. తెలుగులో చదివినా, తమిళంలో చదివినా ఇక్కడ కాసేపు ఆగాలి.

ఇంకొకటి. 'సొలొమోనుకంటె గొప్పవాడు ఇక్కడ ఉన్నాడు' అని తెలుగులో ఉంది. గ్రీకులో 'ప్లెయియొన్' నపుంసకలింగం, 'సొలొమోనుకంటె గొప్పది' అన్న అర్థం. యేసు తన గురించే చెబుతున్నాడన్నది సందర్భాన్ని బట్టి స్పష్టమే కనుక తెలుగు అనువాదం తప్పు కాదు. అయితే గొప్పది అన్నప్పుడు ఆయన వ్యక్తితో పాటు ఆయన తెచ్చిన రాజ్యవార్త, జ్ఞానం కూడా అందులో ఇమిడిపోతాయి.

ఇక వంశం సంగతి. షేబ రాణిని ఐగుప్తుకు, ఐతియొపీయకు రాణి అని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు యోసేపుస్ రాశాడు. ఇథియోపియా రాజవంశం తమ మూలపురుషుణ్ని ఆమెకూ సొలొమోనుకూ పుట్టిన కొడుకుగా చెప్పుకుంది. ఈ రెండూ కలిసి షేబ రాణిని, కందాకేను ఒక్క తాటి మీదికి తెచ్చాయి. బైబిలు అలా కలపలేదు. ఇద్దరి మధ్యా దాదాపు వెయ్యేళ్ళ ఎడం, మధ్యలో ఎర్ర సముద్రం ఉంది.

ప్రశ్న: కందాకే అన్నది ఆమె పేరా? ఐతియొపీయ అంటే ఇప్పటి ఇథియోపియానేనా?
(యువజన సంఘం సభ్యుడు, వైట్‌ఫీల్డ్)

జవాబు: రెండింటికీ జవాబు 'కాదు' అనే.

కందాకే బిరుదు. ఫరో అన్నట్టు, కైసరు అన్నట్టు. ఆ పేరు అక్కడి రాణులకు ఒకరి తర్వాత ఒకరికి చాలా ఏళ్ళుగా వస్తోందని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మెరోయె రాజ్యపు శాసనాల్లో కూడా ఈ బిరుదు దొరికింది. రాజు తల్లి గానీ, రాజు సహోదరి గానీ, సొంతంగా ఏలే రాణి గానీ ఈ బిరుదు పొందేవారు. అందుకని 'కందాకే అనే పేరుగల రాణి' అని చెప్పడం కంటే 'కందాకే అని పిలవబడే రాణి' అనడం మేలు.

దేశం కూషు. పాత నిబంధన తెలుగులో 'కూషు' అని చదివేదీ, కొత్త నిబంధనలో 'ఐతియొపీయ' అని చదివేదీ ఒకటే భూమి. హీబ్రూలోని 'కూష్'ను గ్రీకు పాత నిబంధన 'అయిథియొపియ' అని మార్చింది, లూకా ఆ గ్రీకు మాటే రాశాడు. ఐగుప్తుకు దక్షిణంగా, నైలు నది వెంబడి, ఇప్పటి సూడాన్‌లో మెరోయె నగరం దాని రాజధాని. ఇప్పటి ఇథియోపియా దానికి ఇంకా ఆగ్నేయంగా ఉంది, ఆ రోజుల్లో అక్కడిది అక్సుం రాజ్యం. చర్చి గోడకు వేలాడే పటాల్లో కొన్నిటి మీద ఇథియోపియా అని రాసి సరిగ్గా ఆడిస్ అబాబా దగ్గర చుక్క పెడతారు. ఆ చుక్కను ఖార్టూముకు ఉత్తరంగా జరపాలి.

ఈ రాణుల బలం రోమాకు తెలుసు. క్రీ.పూ. 20ల మధ్యలో ఒక కందాకే సైన్యం ఐగుప్తు దక్షిణ సరిహద్దు దాటి రోమన్ కోటలను కొట్టి, ఔగుస్తు కైసరు విగ్రహాలను ఎత్తుకుపోయింది. రోమన్ అధిపతి పెత్రోనియుస్ తిరిగి దండెత్తాడు. చివరికి సంధి కుదిరింది. 1910లో మెరోయెలో తవ్వినప్పుడు ఔగుస్తు కంచు శిరస్సు ఒకటి ఒక గుడి మెట్ల కింద పాతిపెట్టి దొరికింది, వచ్చేపోయేవాళ్ళు తొక్కేట్టు. ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అపొస్తలుల కార్యములు 8లో సువార్తికుడైన ఫిలిప్పు ఎక్కిన ఐతియొపీయ అధికారి రథం ఎవరి కొలువుదో దీన్ని బట్టి అర్థమవుతుంది. మూలనున్న చిన్న సంస్థానం కాదు, కైసరుతో ఢీకొని నిలిచిన రాజ్యం.

వాక్యంలో ఆమె ఏలే రాణి అని చెప్పే గుర్తులు ఉన్నాయి. ఒట్టి 'రాణి' కాదు, 'ఐతియొపీయుల రాణి', ఏ జనానికో చెప్పారు. ధనాగారం 'ఆమెయొక్క' ధనాగారం. ఆమె కింద ఒక అధికారి ఉన్నాడు, గ్రీకులో అతను 'దునస్తేస్', తెలుగులో మంత్రి. పక్కన రాజు ఊసే లేదు. రాజు భార్య కూడా, ఏలే రాణి కూడా బసిలిస్సలే కనుక తేడా ఇలాంటి గుర్తులను బట్టే పట్టుకోవాలి. ధనాగారానికి వాడిన 'గజ' పారసీక మాట. అంతకు ముందు వచనంలో ఆ రథం పోయే దారి 'గాజా' ఊరికి. ఈ రెండు మాటలూ గ్రీకులో ఒకేలా వినిపిస్తాయి, లూకా వాటిని పక్కపక్కన పెట్టాడు.

రెండు యాప్‌లు పోల్చేవాళ్ళకు ఒక హెచ్చరిక. పాత అచ్చు గ్రీకు పాఠంలో 'రాణి' ముందు ఒక ఉపపదం (ఇంగ్లీషు 'ది' లాంటిది) ఉంటుంది, ఇప్పటి పరిష్కృత పాఠంలో ఉండదు. తెలుగులో ఉపపదాలు లేవు కనుక అర్థంలో మనకు ఏ తేడా రాదు.

ప్రశ్న: ప్రకటన 18:7లో బబులోను 'నేను రాణినిగా కూర్చుండుదానను' అంటుంది. అదే మంచి అర్థంలో వాడిన మాట ఇక్కడ చెడ్డదెలా అయింది?
(బైబిలు అధ్యయన కూటం, బాణసవాడి)

జవాబు: మాట చెడ్డది కాలేదు. పలికే నోరు మారింది. మిగతా మూడు చోట్ల ఇతరులు ఆమెను రాణి అన్నారు. ఇక్కడ తనను తానే అనుకుంటోంది, అది కూడా 'తన మనస్సులో'. వాక్యం పూర్తిగా: 'నేను రాణినిగా కూర్చుండుదానను, నేను విధవరాలను కాను, దుఃఖము చూడనే చూడను'.

దీనికి మూలం యెషయా 47:7, 8. అక్కడ పాత బబులోను 'నేను సర్వదా దొరసానినై యుందును' అంటుంది, విధవనై కూర్చోను, పుత్రశోకం చూడను అంటుంది. హీబ్రూలో ఆ దొరసాని 'గెబెరెత్', ఇంటి యజమానురాలికి వాడే మాట, శారయిని హాగరు యజమానురాలు అన్నప్పుడు ఉన్నదే. తెలుగు అనువాదకులు దానికి రాణి అనకుండా దొరసాని అని ఎంచుకోవడం ఎంతో ఉచితంగా ఉంది. గ్రీకు పాత నిబంధన అక్కడ 'అర్ఖుస', అంటే ఏలికసాని అంది. యోహాను ఈ రెంటినీ వదిలి 'బసిలిస్స' అని రాశాడు. 17:18లో ఆ స్త్రీ 'భూరాజుల' మీద ఏలుబడి గలది అని ముందే చెప్పాడు. రాజులకు పైన ఉన్నదాన్ని దొరసాని అంటే చాలదు, రాణి అనాలి.

ఇక్కడ అసలు బరువు 'కూర్చుండు' అన్న క్రియ మీద కూడా ఉంది. 17వ అధ్యాయంలో ఆ స్త్రీ విస్తార జలముల మీద కూర్చుంది, ఎర్రని మృగము మీద కూర్చుంది, ఏడు కొండల మీద కూర్చుంది. ఇప్పుడు తానే 'కూర్చున్నాను' అంటోంది. రోమా చక్రవర్తి వెస్పాసియన్ కాలంలో, క్రీ.శ. 71లో వేసిన ఒక నాణెం మీద రోమా దేవత ఏడు కొండల మీద కూర్చున్న బొమ్మ ఉంది. ఆసియాలోని ఏడు సంఘాల వాళ్ళకు ఆ నగరం ఏదో విప్పి చెప్పాల్సిన పని లేదు.

'చూడనే చూడను' దగ్గర గ్రీకులో రెండు నిషేధ పదాలు కలిపి వేశారు, ఆ భాషలో కాదనడానికి అంతకంటే గట్టి పద్ధతి లేదు. తెలుగు 'చూడనే చూడను' దాన్ని సరిగ్గా పట్టుకుంది. ఆ వెంటనే ఎనిమిదో వచనం 'ఒక్క దినముననే' తెగుళ్ళు వస్తాయంటుంది. బిగ్గరగా చదివేవాళ్ళు ఈ రెండింటినీ ఆపకుండా కలిపి చదవాలి.

రాణికి ఎదురు మాటగా విధవను ఎందుకు పెట్టారన్నది కూడా అడిగారు. ప్రవక్తలకు నగరం స్త్రీ. కూలిపోయిన నగరం దిక్కులేని స్త్రీ. విలాపవాక్యములు మొదటి వచనంలోనే యెరూషలేము విధవరాలివంటిదైంది. ఆ గతి నాకు రాదని బబులోను ధీమా. విధవలను కించపరిచే వాక్యంగా దీన్ని ప్రసంగించకూడదు, కూటంలో విధవలు కూర్చుని ఉంటారు. తప్పు పట్టింది విధవరాలిని కాదు, తనకు దుఃఖం రాదనుకున్న రాణిని.

ప్రశ్న: మేము కతోలికులం. మరియమాతను పరలోక రాణి అంటాం. యిర్మీయాలో ఆకాశరాణి అని ఖండించింది దీన్నేనని మా ఆఫీసులో ఒకరు అన్నారు. అలాగే శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికా పేరులో ఈ బసిలిస్స ఉందా?
(పాఠకురాలు, ఫ్రేజర్ టౌన్)

జవాబు: యిర్మీయా 7, 44 అధ్యాయాల్లో ఉన్నది ఇష్తారు, అష్తారోతు కోవకు చెందిన దేవత. పిల్లలు కట్టెలేరడం, తండ్రులు నిప్పు రాజేయడం, స్త్రీలు పిండి పిసికి ఆమెకు రొట్టెలు చేయడం అన్నీ అక్కడ వివరంగా ఉన్నాయి. అది మరియకు ఆరు శతాబ్దాల ముందు సంగతి. ఆ పూజకూ, మరియకు ఇచ్చే బిరుదుకూ చారిత్రకంగా ముడి వేయడం సరికాదు. హీబ్రూ ప్రతుల్లో ఆ మాటకు అచ్చులు మార్చి 'ఆకాశ సైన్యం' అన్నట్టు వినిపించేలా చేశారు. గ్రీకు పాత నిబంధన 7:18లో సైన్యం అని, 44వ అధ్యాయంలో బసిలిస్స అని రాసింది.

అలాగని కొత్త నిబంధన మరియను బసిలిస్స అని ఎక్కడా అనలేదు. ప్రకటన 12లోని స్త్రీకి పన్నెండు నక్షత్రాల కిరీటం ఉంది, రాణి అన్న మాట లేదు. కతోలిక సంఘం ఆ బిరుదును వేరే దారిలో చేరుకుంటుంది: లూకా 1:32, 33లో కుమారునికి దావీదు సింహాసనం, లూకా 1:43లో 'నా ప్రభువు తల్లి', 1 రాజులు 2:19లో సొలొమోను తన తల్లి బత్షెబకు కుడివైపు ఆసనం వేయించడం. దావీదు వంశంలో రాజు భార్యకంటే రాజు తల్లికి పెద్ద స్థానం ఉండేది. హీబ్రూలో ఆమె 'గెబీరా'. పన్నెండవ భక్తినాథ (పయస్) పోపు 1954లో మరియ రాణిత్వపు పండుగను స్థాపించాడు, ఇప్పుడది ఆగస్టు 22న వస్తుంది. ప్రొటెస్టంటు సంఘాలు ఈ వాదాన్ని ఒప్పుకోవు. ఎవరు ఏ పక్షాన ఉన్నా, వాదన గెబీరా మీద, రాజు తల్లి మీద నడవాలి. బసిలిస్స మీద నడిపితే ఇరుపక్షాలకూ ఆధారం దొరకదు.

బసిలికా పేరు ఆ కుటుంబపు మాటే, కానీ రాణి కాదు. 'బసిలికే' అంటే రాజసంబంధమైన, రాచ. గ్రీకు నగరాల్లో స్తంభాల మండపానికి ఆ విశేషణం పట్టింది. రోమన్లు కోర్టులకు, వర్తకాలకు కట్టిన పొడవాటి శాలలను అలా పిలిచారు. క్రైస్తవులు ఆ ఆకారంలో ఆలయాలు కట్టారు. ఇప్పుడు కతోలిక సంఘంలో పోపు ఇచ్చే గౌరవ హోదా అది. సెప్టెంబరు 8 పండుగకు అక్కడికి వెళ్ళే తెలుగువాళ్ళు చాలామంది కనుక ఈ సంగతి పనికొస్తుంది: మేరీ పేరు ఉన్నందువల్ల వచ్చిన బిరుదు కాదు, చెన్నై శాంథోము కూడా బసిలికాయే, అది అపొస్తలుడైన తోమా పేరిట ఉంది.

ప్రశ్న: హేరోదియ, బెర్నీకే రాణులు కారా? పాత నిబంధనలో అతల్యా ఏలింది కదా?
(పాఠకుడు, యెలహంక)

జవాబు: హేరోది అంతిప ఖచ్చితంగా చెప్పాలంటే చతుర్థాధిపతి, రోమా అతనికి రాజు బిరుదు ఇవ్వలేదు. మార్కు వాడుకను బట్టి అతణ్ని రాజు అన్నా, హేరోదియను రాణి అనలేదు. బెర్నీకే సంగతి ఆసక్తికరం. ఏథెన్సులో ఒక శాసనం ఆమెను 'మహా బసిలిస్స' అంది. అపొస్తలుల కార్యములు 25:13లో లూకా 'రాజైన అగ్రిప్పయు బెర్నీకేయు' అని ఊరుకున్నాడు. ఆమె అగ్రిప్పకు భార్య కాదు, చెల్లెలు. నాటకాలు వేసే యువజనులు ఆమెను 'అగ్రిప్ప రాణి' అని పరిచయం చేయకుండా చూసుకోవాలి.

అతల్యా ఆరేళ్ళు యూదాను ఏలింది. 2 రాజులు 11:3 'ఏలుచుండెను' అని క్రియతో చెప్పి వదిలేసింది, రాణి అన్న బిరుదు ఇవ్వలేదు. దావీదు వంశాన్ని చంపించి గద్దెనెక్కినామెకు ఆ పాటి గౌరవం కూడా రచయిత ఇవ్వదలచుకోలేదని మా అభిప్రాయం.

ప్రశ్న: గ్రీకు రాకుండా ఇవన్నీ మేమే చూసుకోవాలంటే ఎలా?
(ఇంటి కూటం నడిపే పాఠకురాలు, సర్జాపుర రోడ్డు)

జవాబు: స్ట్రాంగ్ సంఖ్యలున్న ఉచిత యాప్ ఒకటి చాలు. బసిలిస్స సంఖ్య 938. తెలుగు బైబిలులో 'రాణి' అని వెతకడంతో మొదలుపెట్టకండి, 'రాణినిగా', 'రాణియైన' లాంటి రూపాలు తప్పిపోతాయి. మత్తయి 12:42 తెరిచి, గ్రీకు వరుసలో ఆ మాట మీద నొక్కి, 938 వచ్చాక 'అన్ని వాడుకలు' అడగండి. నాలుగు వచనాలు రావాలి. ఎక్కువ వస్తే మూలపదం సంఖ్యతో వెతికారన్నమాట, రాజు, రాజ్యం అన్నీ కలిసిపోయాయి. తక్కువ వస్తే యాప్ మాట రూపాన్ని మాత్రమే వెతికింది, అపొస్తలుల కార్యములలోని 'బసిలిస్సేస్' జారిపోయింది.

నాలుగూ వచ్చాక ఒక్కొక్కదాని దగ్గర ఈ ప్రశ్నలు వేసుకోండి: రాణి అని అంటున్నది ఎవరు? ఎవరి రాణి, ఏ దేశం, ఏ జనం? పక్కన రాజు ఉన్నాడా? ఆమె చేసిన పని ఏ క్రియలో ఉంది? చివరి ప్రశ్నే ఎక్కువ ఇస్తుంది. దక్షిణపు రాణి లేస్తుంది, నేరం మోపుతుంది. బబులోను కూర్చుంటుంది. ఈ ఎదురుబొదురు క్రియలను గమనించకుండా రాణి అన్న మాట చుట్టూ ఎంత తిరిగినా పాఠం తయారుకాదు.

పాత నిబంధనకు వెళ్తే హీబ్రూలో రాణికి మాటలు మూడు. 'మల్కా' సంఖ్య 4436, ఎక్కువ భాగం ఎస్తేరు గ్రంథంలోనే. 'గెబీరా' 1377, రాజు తల్లి లేదా పెద్దరాణి. 'షెగల్' 7694, కీర్తన 45:9లో ఓఫీరు అపరంజితో కుడివైపు నిలిచిన రాణి. గ్రీకు పాత నిబంధన మల్కాను, ఆ షెగల్‌ను బసిలిస్స అంది, గెబీరాను ఎక్కువగా వేరే మాటలతో చెప్పింది. 45వ కీర్తనలోని 6, 7 వచనాలను హెబ్రీయులకు 1:8, 9లో ఎత్తిరాశారు, రాణి ఉన్న తొమ్మిదో వచనం దాకా పోలేదు.

గ్రీకు పాత నిబంధన తెరిచేవాళ్ళు ఎక్కువగా తడబడేది అంకెల దగ్గర. 45వ కీర్తన అక్కడ 44వది, తొమ్మిదో వచనం పదోది అవుతుంది. 1 రాజులు అక్కడ 3 రాజ్యాలు. యిర్మీయా అధ్యాయాల వరుసే వేరు, మన 44వ అధ్యాయం అక్కడ 51వది. మన అంకెతో తెరిచి 'ఇక్కడ రాణే లేదు' అని మూసేయకండి. అచ్చు పుస్తకమే కావాలంటే ఎం.జి. రోడ్డులోని బైబిల్ సొసైటీలో గ్రీకు కొత్త నిబంధన గురించి అడగవచ్చు. మిల్లర్స్ రోడ్డులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీ గ్రంథాలయానికి వెళ్ళేటట్టయితే ముందుగా అనుమతి అడిగి, చూడాల్సిన వచనాల అంకెలు రెండు వరుసల్లోనూ రాసుకుని వెళ్ళండి.